కష్టం వేరు... దగా వేరు!

మా బావకీ నాకూ చిన్నప్పటినుంచీ పేచీ అంటే సినిమా మీదే. మార్నింగ్ షో వదలగానే మొదలయ్యేది. సైకిల్ స్టాండులో టోకెన్ ఇచ్చి సైకిళ్లు తీసుకునేలోపే ఇద్దరి గొంతులూ లేచేవి. అంతమంది చావబాదితే హీరో మళ్లీ ఎలా లేచాడని నేనూ, లేవకపోతే నువ్వు టిక్కెట్టు డబ్బులు వాపసు అడిగేవాడివని బావా! ఇంటికొచ్చి అత్తయ్య కంచాల్లో అన్నం పెట్టేదాకా అదే గొడవ. బావ మా మేనత్త కొడుకు, నాకంటే రెండేళ్లు పెద్ద. నేను "బావా" అంటాను, తను "ఒరేయ్" అంటాడు. ఆ వరస ఈనాటికీ మారలేదు.

కాని మేమిద్దరం అన్నిటికంటే ఎక్కువ కాలం, అన్నిటికంటే ఎక్కువ కోపంగా పోట్లాడుకున్నది సినిమా మీద కాదు. ఓ వీడియో గేమ్ మీద! అదీ రెండో భాగం మీద! దాని పేరు 'డార్క్ సోల్స్ 2'. 2014 మార్చిలో వచ్చింది. పదేళ్లు దాటినా మా పేచీ తెమల్లేదు.

సినిమా పత్రికలో గేమ్ గోల ఏమిటని మీరు అడగవచ్చు. మీలో సగం మంది సెకండ్ షో చూసి ఇంటికెళ్లి, అమ్మా నాన్నా నిద్రపోయాక ఈ ఆటలు ఆడేవాళ్లేనని నాకు తెలుసు. పైగా హిట్టయిన కథకి రెండో భాగం తీయటమనే సాహసం వుందే, అది వెండితెర మీదైనా టీవీ తెర మీదైనా ఒకటే. పాతదే మళ్లీ తీస్తే 'కొత్తేముంది?' అంటారు. కొత్తగా తీస్తే 'పాతది చెడగొట్టాడు' అంటారు. దర్శకుడు ఎటు దొర్లినా దెబ్బ తప్పదు. (దొర్లటం గురించి ముందు ముందు చాలా చెప్పాలి, గుర్తుంచుకోండి.)

దర్శకుడు మారాడు!

జపాన్‌లో ఫ్రమ్‌సాఫ్ట్‌వేర్ అని ఓ సంస్థ వుంది. 2009లో 'డీమన్స్ సోల్స్', 2011లో 'డార్క్ సోల్స్' తీసింది. రెండింటికీ దర్శకుడు హిదెతాకా మియజాకి. ఈ ఆటల్లో కథానాయకుడు మన సినిమా హీరోలాగా వందమందిని ఒంటిచేత్తో మట్టి కరిపించడు. మొదటి సందులో ఎదురైన మొదటి బక్క సైనికుడి చేతిలోనే చస్తాడు. లేస్తాడు. మళ్లీ చస్తాడు. శత్రువుల్ని చంపితే 'సోల్స్' వస్తాయి. ఆయుధం కొనాలన్నా, బలం పెంచుకోవాలన్నా అవే డబ్బు. మనం చస్తే చేతిలో వున్నవన్నీ చచ్చినచోటే పడిపోతాయి. తిరిగి నడిచివెళ్లి తెచ్చుకోవాలి. దారిలో మళ్లీ చచ్చామా, ఆ పాతవి గోవిందా! అక్కడక్కడా ఓ నెగడు మండుతూ వుంటుంది. దాని పక్కన కూర్చుంటే గాయాలు మానతాయి, మందు సీసా నిండుతుంది. కాని మనం చంపిన శత్రువులందరూ కూడా తిరిగి లేచి కూర్చుంటారు. 

ఇంత కష్టపెట్టే ఆట ఎవడాడతాడని అడిగితే, ప్రపంచమంతా ఆడింది. ఎందుకంటే చచ్చిన ప్రతిసారీ 'తప్పు నాదే' అనిపిస్తుంది. తొందరపడ్డాను, వెనక్కి చూసుకోలేదు, దురాశకి పోయి ఇంకో దెబ్బ వేయబోయాను. ఇలా మన తప్పు మనకి తెలుస్తుంది. తెలిస్తే ఇంకోసారి ప్రయత్నించాలనిపిస్తుంది. 

రెండో భాగానికి వచ్చేసరికి మియజాకి దర్శకుడి కుర్చీలో లేడు. ఆయన 2015లో వచ్చిన 'బ్లడ్‌బోర్న్' పనిలో పడి, దీనికి పర్యవేక్షణ మాత్రమే చేశాడు. దర్శకత్వం టొమొహిరో షిబుయా, యుయి తనిమురా అనే ఇద్దరి పేరు మీద వుంది. నిర్మాణం మధ్యలో ఆటంతా మళ్లీ ఆలోచించుకోవలసి వచ్చిందనీ, అప్పటికే తయారైనవాటిని కొత్త వరసలో వాడుకోవలసి వచ్చిందనీ తనిమురాయే తరవాత చెప్పాడు. సినిమా భాషలో అంటే, షూటింగ్ సగమయ్యాక కథ మార్చి, వేసిన సెట్లనే అటూయిటూ తిప్పి వాడుకున్నారన్నమాట. 

"దర్శకుడు మారితే ఇంతే బావా. స్పీల్‌బర్గ్ లేకుండా 1978లో 'జాస్ 2' తీస్తే ఏమైంది?" అన్నాను.

"1980లో 'ఎంపైర్ స్ట్రైక్స్ బ్యాక్' తీసింది ఎవర్రా? జార్జి లూకాసా? కాదు, ఇర్విన్ కెర్ష్‌నర్. మొదటిదాని కంటే అదే గొప్పదని ఇప్పటికీ అనేవాళ్లు కోకొల్లలు. దర్శకుడు మారాడని ముందే మొహం మాడ్చుకుని కూర్చుంటే ఏ బొమ్మా బాగుండదు" అన్నాడు బావ.

ఆ ఒక్క పాయింటు బావకి రాసిచ్చాను. అదొక్కటే!

లిఫ్టు పైకి వెళ్లింది, బుద్ధి కిందికి వెళ్లింది

ఆట జరిగేది 'డ్రాంగ్లీక్' అనే పాడుబడ్డ రాజ్యంలో. చావు రాని శాపం తగిలినవాళ్లు మెల్లగా జ్ఞాపకాలు పోగొట్టుకుని, చివరికి పేరు కూడా మరిచి నడిచే శవాలవుతారు. ఆ శాపానికి మందు దొరుకుతుందేమోనని మనం ఆ రాజ్యానికి వస్తాం. సముద్రపు ఒడ్డున కొండమీద 'మజూలా' అనే ఊరు. అక్కడ పొద్దు ఎప్పుడూ అస్తమిస్తూనే వుంటుంది, పూర్తిగా గుంకదు. ఎంత చచ్చినా చివరికి అక్కడికే వచ్చి నెగడు పక్కన కూర్చుంటాం. వెనక మెల్లగా సంగీతం. నాకు ఆటమీద ఎంత కోపం వున్నా మజూలా మీద మాత్రం లేదు.

కోపమల్లా మజూలానుంచి బయలుదేరాక! మొదటి భాగంలో ఓ ముచ్చటైన సన్నివేశం వుంది. గంటలకొద్దీ పైకి ఎక్కి, ఎక్కడో దూరదేశం వచ్చేశామనుకుంటూ ఓ చర్చిలో లిఫ్టు ఎక్కుతాం. అది కిందికి దిగి దిగి, మనం బయలుదేరిన నెగడు పక్కనే తలుపు తెరుస్తుంది! ఆ క్షణాన ఆ లోకమంతా ఒకే భవనంలాగా మనసులో అతుక్కుపోతుంది. రెండో భాగంలో ఆ పొందిక లేదు. మజూలా అరచెయ్యి అయితే దారులన్నీ వేళ్లు. వేలి కొసదాకా వెళ్లటం, మళ్లీ వెనక్కి రావటం. నెగడునుంచి నెగడుకి మాయగా దూకే సౌకర్యం మొదటి భాగంలో సగం ఆట అయ్యాకగాని ఇవ్వలేదు. ఇందులో మొదటినుంచే ఇచ్చేశారు. ఇచ్చాక దారులు కలపవలసిన అవసరం వాళ్లకి లేకపోయింది!

అన్నిటికీ పరాకాష్ఠ 'ఎర్తెన్ పీక్'. విషం కక్కే గాలిమర. దాని కొసదాకా ఎక్కి, రాణి మైథాని చంపి, అక్కడ లిఫ్టు ఎక్కుతాం. లిఫ్టు ఇంకా పైకి వెళుతుంది. తలుపు తెరిస్తే ఎదురుగా కరిగిన లావాలో మునిగిన ఇనప కోట! బయటినుంచి చూస్తే ఆ గాలిమర మీద ఆకాశం తప్ప ఏమీ లేదు. ఇంకా చిత్రమేమిటంటే, ఆ కోట తన బరువుకి తానే భూమిలోకి కుంగిపోయిందని ఆటలోనే చెబుతారు. కుంగిపోయిన కోటకి లిఫ్టులో పైకి వెళ్లటమేమిటండీ! హీరోయిన్ గుమ్మం దాటి ఎండలోకి వస్తే చీర రంగు మారిపోయినట్టు లేదూ?

"అదంతా కలలాంటిదిరా. మతి పోగొట్టుకుంటున్నవాడికి దారి ఎలా గుర్తుంటుంది? ఒకచోట బయలుదేరతాడు, ఇంకోచోట తేలతాడు" అని బావ సమర్థన.

బాగానే వుంది. కాని సెట్టు పొరపాటుకి వేదాంతం పూయటం మన విమర్శకులకి కొత్త కాదు కదా!

దొర్లటంలో దగా

ఇప్పుడు అసలు సంగతి. ఈ ఆటల్లో ప్రాణం కాపాడేది డాలు కాదు, దొర్లటం. శత్రువు కత్తి దించే క్షణంలో దొర్లితే, ఆ దొర్లటంలో రెప్పపాటు కాలం మనకి ఏ దెబ్బా తగలదు. సినిమావాళ్ల లెక్కలో కొన్ని ఫ్రేములు. మొదటి భాగంలో ఆ ఫ్రేములు ఒంటిమీది బరువునిబట్టి వుండేవి. బరువైన కవచం తొడిగితే మనిషి ధాన్యం బస్తాలాగా దొర్లేవాడు, తేలికగా వుంటే పిల్లిలాగా. తేడా కంటికి కనిపించేది.

రెండో భాగంలో 'అడాప్టబిలిటీ' అని ఓ కొత్త గుణం చేర్చారు. దాన్ని పెంచితే 'ఎజిలిటీ' అనే ఇంకో అంకె పెరుగుతుంది. ఆ అంకె పెరిగితేనే దొర్లటంలో ఆ క్షేమమైన ఫ్రేములు పెరుగుతాయి, సీసాలో మందు గబగబా తాగగలుగుతాం. కాని తెరమీద మాత్రం తక్కువ అంకెవాడూ ఎక్కువ అంకెవాడూ ఒకేలాగా దొర్లుతారు! మెనూలో దాని గురించి వున్నది అర్థమయ్యీ కానట్టు ఓ ముక్క. మీ ప్రాణం దీనిమీదే వుంది నాయనా అని ఎవడూ చెప్పడు.

నాకు తెలియక నేను బలం పెంచుకున్నాను. పెద్ద సుత్తి పట్టుకున్నాను. శత్రువు కొట్టేముందు సరిగ్గా దొర్లాను. కళ్లారా చూశాను, సుత్తి నా పక్కన నేలమీద పడింది. అయినా చచ్చాను! ఓగర్ అనే రాక్షసుడు చెయ్యి చాస్తే పక్కకి తప్పుకున్నాను. అయినా వాడి గుప్పిట్లో వేలాడుతున్నాను! నా చేతులు మొద్దుబారాయేమోననుకున్నాను, వయసు మీద పడిందేమోననుకున్నాను. ఎన్నో వారాల తరవాత బావే ఫోన్లో మామూలుగా అన్నాడు, "అడాప్టబిలిటీ ఎంతుందిరా నీకు?" అని.

"అంటే ఏమిటి బావా?"

అటువైపు నిశ్శబ్దం. తరవాత నవ్వు. ఆ నవ్వు నేను ఇంకా క్షమించలేదు.

"బలం పెంచుకుంటే కత్తి గట్టిగా దిగుతుంది. చురుకు పెంచుకుంటే తప్పుకోవటం బాగా వస్తుంది. ఇందులో అన్యాయమేముంది?" అంటాడు బావ. చురుకు పెంచుకోమనటం అన్యాయం కాదు. నా మనిషి కుంటివాడైతే కుంటినట్టు చూపించు, నేను జాగ్రత్తపడతాను. కుంటివాణ్ణి సర్కస్‌వాడిలాగా దొర్లించి చూపించి, ఆనక 'వాడు కుంటివాడు, నీకు తెలియదా?' అంటే అది కష్టపెట్టటం కాదు, దగా! మొదటి భాగం నన్ను వంద చావులు చంపింది, ఒక్కసారి కూడా నా కళ్లని అబద్ధమాడించలేదు.

ఇంకో చిన్న దగా కూడా వుంది. మొదటి భాగంలో మంచుతెర దాటి బాస్ గదిలోకి వెళ్లేటప్పుడు మనకి దెబ్బ తగిలేది కాదు. ఇందులో తగులుతుంది. ఇనప కోటలో సమురాయ్ వీరులు గుంపుగా తరుముకొస్తుంటే, తెరలో ఒక కాలు పెట్టినవాణ్ణి వీపుమీద పొడుస్తారు! పైగా గుంపులు ఎక్కువ. ఒకరితో ఒకరు తలపడితే అది ద్వంద్వయుద్ధం. ఒకడిమీద అరడజను మంది పడితే దానికి మా ఊళ్లో వేరే పేరుంది. 2015 ఏప్రిల్‌లో 'స్కాలర్ ఆఫ్ ది ఫస్ట్ సిన్' పేరుతో మార్పులు చేసి మళ్లీ విడుదల చేశారు. శత్రువుల్ని కొత్త చోట్ల నిలబెట్టారు. హైడీ గోపురంలో వీరులు మనం రెచ్చగొట్టేదాకానో, అక్కడి బాస్ చచ్చేదాకానో కదలకుండా కూర్చునేలా చేశారు. ఆ మార్పు చాలా బాగుంది. ఇనప కోటలో మాత్రం జనాన్ని ఇంకా పెంచారు. రష్ చూసి అదనపు ఆట వేసినట్టు!

బావ వాదన కూడా వినండి

ఒకవైపే రాస్తే బావ ఈ పత్రిక కొనడు. కాబట్టి తన మాటల్లో బలమైనవి కూడా చెబుతాను. నిజం చెప్పాలంటే కొన్ని నాకూ నచ్చినవే.

ఈ ఆటలో చచ్చిన ప్రతిసారీ మన మొత్తం ప్రాణశక్తిలో కాస్త తగ్గిపోతుంది. చావగా చావగా సగానికి వస్తుంది. 'హ్యూమన్ ఎఫిజీ' అనే మనిషి బొమ్మ వాడితేగాని తిరిగి నిండదు. ఆ బొమ్మలు అరుదు. ఇదేం దుర్మార్గమని చాలామంది తిట్టారు. 'డీమన్స్ సోల్స్'లో ఒక్క చావుకే సగం పోయేది, ఇందులో మెల్లమెల్లగా పోతుందని, దయ చూపించారని బావ లెక్క. ఆ నష్టాన్ని తగ్గించే ఉంగరం కూడా మొదట్లోనే ఓ పెట్టెలో పెట్టారు. నాకు నచ్చింది దయ కాదు. కథలో మనుషులు కొంచెం కొంచెంగా తరిగిపోతున్నారు. మనమూ తరిగిపోతున్నాం. ఆ ఎర్రగీత పొట్టిగా అవుతుంటే కథ చెప్పకుండానే అర్థమవుతుంది. ఈ నియమం తెరమీద కనిపిస్తుంది, దాచలేదు. అందుకే దీన్ని నేను దగా అనను.

ఇంకోటి. ఒకే శత్రువుని ఓ డజను సార్లు చంపితే వాడు ఇక లేవడు. ఆట రానివాడికి దారి ఖాళీ అవుతుంది. నాబోటిగాడికి అదో వరం. కాని మొదటిసారి అలా ఖాళీ అయిన వీధిలో నడిచినప్పుడు నాకు సంతోషం కలగలేదు. వారం రోజులుగా నన్ను చంపుతున్న ఆ ముసలి సైనికుడు లేడు. ఊరు విడిచి వెళ్లినవాడి ఇంటిముందు నడిచినట్టు అనిపించింది.

రెండు చేతుల్లో రెండు ఆయుధాలు పట్టుకుని జంటగా ఝళిపించే 'పవర్ స్టాన్స్' ఇందులోనే వచ్చింది. తప్పు పెంచుకున్న గుణాల్ని తిరిగి మార్చుకునే అవకాశమూ ఇందులోనే. నాలుగు గొప్ప ఆత్మల్ని నాలుగు దిక్కుల్లో మనకిష్టమైన వరసలో వేటాడవచ్చు. ఒకచోట గోడ తగిలితే ఇంకో దిక్కుకి పోవచ్చు. 2014లోనే వచ్చిన మూడు కిరీటాల అనుబంధ కథలైతే మొదటి భాగం పక్కన నిలబెట్టదగ్గవి. వాటిలో చివరిదాని మంచు ఎడారిని మాత్రం వదిలెయ్యండి. ఏమీ కనపడని తుఫానులో మెరుపుల గుర్రాలు వచ్చి పొడుస్తాయి. దాన్ని బావ కూడా సమర్థించడు!

వెండ్రిక్ రాజు దగ్గర మాత్రం ఇద్దరం చేతులు కలుపుతాం. ఆటంతా ఆయన కోసం వెతుకుతాం. క్లైమాక్స్ ఫైటుకి ఒళ్లు విరుచుకుని, కాపలాదారు వెల్‌స్టాట్‌ని చంపి లోపలికి వెళితే, పెద్ద గది. మూల నేలమీద రాజు బట్టలు, ఉంగరం. రాజు శవంలాగా ఎండిపోయి, కత్తి ఈడ్చుకుంటూ గుండ్రంగా నడుస్తున్నాడు. మనల్ని చూడడు. మన మీదికి రాడు. ఉంగరం తీసుకుని వెళ్లిపోవచ్చు! విలన్ డెన్‌లో విలన్‌కి మతిపోయి వుండటం మీరు ఏ సినిమాలో చూశారు? లూకటియెల్ అని ముసుగు తొడుక్కున్న వీరవనిత ఇంకోచోట ఎదురవుతుంది. కలిసిన ప్రతిసారీ కాస్త కాస్త మరిచిపోతూ వుంటుంది. చివరిసారి తన పేరైనా నన్ను గుర్తుంచుకోమంటుంది. నేను గుర్తుంచుకున్నాను. ఇదిగో, అచ్చు కూడా వేయించాను.

2022లో 'ఎల్డెన్ రింగ్' వచ్చి ప్రపంచాన్ని ఊపేసినప్పుడు బావ అర్ధరాత్రి ఫోన్ చేశాడు. "జంట ఆయుధాలు మళ్లీ వచ్చాయి చూశావా? మియజాకితో పాటు దర్శకత్వం ఎవరిదో చూశావా? మీరంతా తిట్టిన తనిమురాదిరా!" అని కేకలు. ఆరోజు నా దగ్గర జవాబు లేదు. అడాప్టబిలిటీ మాత్రం తిరిగి రాలేదు బావా, అని పొద్దున్న గుర్తొచ్చింది.

మమ్మల్ని విడదీసిన లెక్క

ఇది రాయాలా వద్దా అనుకున్నాను. రాయకపోతే మా పేచీకి అర్థం వుండదు.

2014లో నేను విజయవాడలో, బావ హైదరాబాదులో. పెళ్లిళ్లూ ఉద్యోగాలూ వచ్చాక కలిసి సినిమా చూసి ఎన్నేళ్లయిందో! ఈ ఆటలో నేలమీద తెల్లటి గుర్తు రాస్తే, అది ఎక్కడో ఇంకొకరి తెరమీద కనిపిస్తుంది. దాన్ని తాకితే మనం వాళ్ల లోకంలోకి సాయానికి వెళతాం. రోజూ రాత్రి పదింటికి ఫలానా గోడ పక్కన గుర్తు రాయాలని ఒప్పందం. మార్నింగ్ షో రోజులు తిరిగొచ్చినట్టే వుండేది. చెవి దగ్గర ఫోను పెట్టుకుని, "కుడివైపు, కుడివైపు!" అని అరుచుకోవటం. డ్రాంగ్లీక్ కోటలో జోరువాన కురుస్తుండగా 'లుకింగ్ గ్లాస్ నైట్' అనే అద్దం డాలు వీరుణ్ణి ఇద్దరం కలిసి పడగొట్టాం. వాడి అద్దంలోంచి ఇంకో ఆటగాడు మనమీదికి దూకుతాడు! ఆ రాత్రి మా ఆవిడ లేచి వచ్చి, ఇంట్లో దొంగలు పడ్డారేమోనని లైటు వేసింది.

ఒకరోజు నా గుర్తు బావకి కనపడలేదు. మర్నాడూ కనపడలేదు. నెట్టు పోయిందనుకున్నాం, మిషన్ పాడయిందనుకున్నాం. తీరా చూస్తే ఆటలోనే వుంది కిటుకు. దాని పేరు 'సోల్ మెమరీ'. మొదటి భాగంలో ఇద్దరి లెవెల్ దగ్గరగా వుంటే కలవవచ్చు. ఇందులో అలా కాదు. పుట్టినప్పటినుంచీ ఎన్ని సోల్స్ సంపాదించామో ఆ మొత్తం లెక్క కట్టి, ఆ లెక్క దగ్గరగా వున్నవాళ్లనే కలుపుతారు. ఖర్చు పెట్టినవీ లెక్కే. చచ్చి పోగొట్టుకున్నవీ లెక్కే! బావ తెల్లవారుజామున లేచి ఒంటరిగా ఆడేవాడు. ఆయన లెక్క నాదానికి మూడింతలయింది. బలవంతులు బలహీనుల మీద పడకుండా ఈ నియమం పెట్టారట. ఉద్దేశం మంచిదే కావచ్చు.

"నాకోసం ఆగలేకపోయావా బావా?" అన్నాను.

"నువ్వు త్వరగా ఆడలేకపోయావా?" అన్నాడు.

మాట మాట పెరిగింది. "నీకు అన్నీ నీకు తెలిశాకే నవ్వొస్తాయి" అని నేనేదో అన్నాను. అది అడాప్టబిలిటీ గురించా, అంతకుముందు దేని గురించైనానా, ఇప్పుడు నాకు తెలియదు. ఎనిమిది నెలలు మాట్లాడుకోలేదు. పిన్ని కూతురి పెళ్లిలో భోజనాల దగ్గర ఎదురెదురు వరసల్లో కూర్చుని, ఇద్దరం విస్తరాకు వంక చూస్తూ తిన్నాం.

చివరికి బావే ఫోన్ చేశాడు. మజూలాలో మాట్లాడే పిల్లి ఒకటి ఉంగరం అమ్ముతుందట. ఇద్దరూ అది పెట్టుకుని ఒకే దేవుడి పేరు ఎంచుకుంటే లెక్క కాస్త సడలిస్తారట. "కొనుక్కోరా" అన్నాడు. అంతే. క్షమాపణ లేదు, కబుర్లు లేవు. కొన్నాను. కొన్ని రాత్రులు కలిశాం. తరవాత వచ్చిన మార్పుల్లో సంపాదన ఆపేసే ఇంకో ఉంగరం కూడా ఇచ్చారు. అది పెట్టుకుంటే లెక్క పెరగదు. చేతికి చిల్లిగవ్వా రాదు! ఉద్యోగం మానేసి స్నేహితుడికోసం ఎదురుచూడమన్నట్టు.

మా ఇద్దరిదీ ప్లేస్టేషన్ 3. ఆ మిషన్ మీద ఈ ఆట ఆన్‌లైన్ సేవలు 2024 మార్చి 31తో ఆపేశారు. ఇప్పుడు ఆ గోడ పక్కన ఎవరు గుర్తు రాసినా ఎవరికీ కనపడదు.

సంక్రాంతికి ఓ సంగతి

మొన్న సంక్రాంతికి బావ కుటుంబంతో మా ఇంటికి వచ్చాడు. పిల్లలు మేడమీద గాలిపటాలతో వున్నారు. బావ అటక మీదినుంచి పాత మిషన్ దింపించాడు. ఒక్కటే రిమోటు, చస్తే చేతులు మారటం. మైథా రాణి గదిదాకా వచ్చాం. గదినిండా విషం. అందులో నిలబడితే మనకి ప్రాణం పోతుంది, ఆవిడకి ప్రాణం పెరుగుతుంది. బావ మూడుసార్లు చచ్చాడు. "ఇక్కడ ఇంతే. ఓర్చుకుని కొట్టటమే. నేను ఎన్నిసార్లు దాటానో!" అన్నాడు.

"బావా, ఇటివ్వు" అన్నాను.

వెనక్కి వెళ్లాను. నెగడులో దివిటీ వెలిగించాను. గాలిమర ఇరుసు తిరిగేచోటికి వెళ్లి దానికి నిప్పు పెట్టాను. మంట భగ్గుమంది. గాలిమర ఆగింది. రాణి గదికి వచ్చి చూస్తే చుక్క విషం లేదు!

బావ నోరు తెరుచుకుని వుండిపోయాడు. చేతిలో అరిసె అలాగే వుంది.

"ఇది ఎప్పటినుంచీ వుందిరా?"

"2014నుంచి."

"ఆటలో ఎక్కడైనా చెప్పారా?"

"చెప్పలేదు. గాలిమర కనిపిస్తోంది. విషం పైకి తోడుతున్నది అదేనని చూస్తే తెలుస్తుంది. చేతిలో దివిటీ ఇచ్చారు. ఇంకేం చెప్పాలి బావా?"

"చెప్పకుండా దాచి నన్ను ఇన్నిసార్లు చంపుతారా? ఇది దగా కాదుట్రా?" అన్నాడు మండిపడుతూ.

అంతే, నేను ఆ ఆటని వెనకేసుకురావటం మొదలుపెట్టాను! కంటిముందున్న దానికి నిప్పు పెట్టమనటానికీ, కంటికి కనపడని అంకెని దాచటానికీ ఎంత తేడా వుందో చెప్పబోతే బావ వినడు. "మెనూలో అడాప్టబిలిటీ గురించి ఓ ముక్కయినా వుంది. దీనికి అదీ లేదు కదా!" అని తను. వంటింట్లోంచి అత్తయ్య కేకేసింది, భోజనాలకి రమ్మని. చేతులు కడుక్కునేటప్పుడు కూడా బావ ఆగలేదు.

"అయితే ఆ లిఫ్టు సంగతేమిటిరా? దాన్ని కూడా ఇప్పుడు బాగుందంటావా?"